వద్దు కాగితం: విజయనగరం, శ్రీకాకుళం డీటీపీ సెంటర్లలో టైపు చేసే ‘ప్రమోషన్ ఫోర్‌గో లెటరు’ ఎంతవరకు పనికొస్తుంది?

విజయనగరంలో కలెక్టరేట్ చుట్టుపక్కల, గంటస్తంభం వైపు సందుల్లో, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ నుంచి విడిపోయే వీధుల్లో డీటీపీ సెంటర్లకు కొదవ లేదు. బోర్డు మీద జిరాక్సు, లామినేషను, ఆన్‌లైన్ అప్లికేషన్లు, పాన్ కార్డు అని ఉంటుంది. బోర్డు మీద రాయని సరుకు ఇంకొకటి లోపల కంప్యూటర్లో ఉంటుంది. అదే ప్రమోషన్ నాకొద్దు అని రాసిచ్చే కాగితం. దుకాణాల్లో దాన్ని ‘ఫోర్‌గో లెటరు’ అంటారు, ‘నాట్ విల్లింగ్’ అని కూడా అంటారు. ఆఫీసు భాషలో అది రిలింక్విష్‌మెంట్. మూడూ ఒకటే అనుకోవడం దగ్గరే సగం గొడవ మొదలవుతుంది.

ఈ సమీక్ష ఆ కాగితం గురించి. టైపింగుకు అయిదులో నాలుగు ఇవ్వొచ్చు. అందులో రాసి ఉన్న మాటలకు మాత్రం రెండుకు మించి రావు.

ముందు మంచి సంగతులు. పని చకచకా అవుతుంది. పేరు, హోదా, పనిచేసే చోటు చెబితే పది నిమిషాల్లో కాగితం చేతికొస్తుంది. తెలుగు టైపింగుకు పేజీకి ముప్పై నుంచి యాభై రూపాయలు, ఇంగ్లీషుకు కాస్త తక్కువ. పదోన్నతుల కౌన్సెలింగు నడిచే రోజుల్లో వంద చెబుతారు, బేరమాడితే దిగుతారు. వచ్చేవారిలో ఎక్కువమంది టీచర్లు. హెడ్మాస్టరుగా పేరొచ్చిన స్కూల్ అసిస్టెంట్లు, స్కూల్ అసిస్టెంటుగా పేరొచ్చిన ఎస్జీటీలు, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్లు. తర్వాత రెవెన్యూ, పంచాయతీరాజ్ ఆఫీసుల జూనియర్ అసిస్టెంట్లు. “ఏటి మాస్టారూ, అంత దూరమేశారా? వద్దని కొట్టేద్దునా?” అని అడిగి, సమాధానం పూర్తయ్యేలోపే టైపిస్టులు పాత ఫైలు తెరిచేస్తారు. చొరవకు మార్కులు వెయ్యొచ్చు, పాత ఫైలుకు వెయ్యలేం.

ఆ ఫైల్లో దాదాపు ప్రతిచోటా కనిపించే వాక్యం ఇది: ‘కుటుంబ కారణముల వలన ప్రస్తుతమునకు పదోన్నతి స్వీకరించలేకపోవుచున్నాను, తదుపరి అవకాశము వచ్చినప్పుడు పరిశీలించగలరు.’ వినడానికి ఎంతో మర్యాదగా ఉంది. నిబంధనల ముందు పెడితే నిలబడదు.

ఏపీ స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్, 1996లో 28వ రూలు ఈ విషయానిదే. ఉద్యోగి తనకున్న హక్కును రాతపూర్వకంగా వదులుకోవచ్చు. అది ప్రజాప్రయోజనానికి విరుద్ధం కాదని నియామకాధికారి అనుకోవాలి. ఒకసారి వదులుకుంటే అంతిమం, వెనక్కి తీసుకోవడం కుదరదు. 2004 జూన్ 15న వచ్చిన జీవో 145 తర్వాత ఇంకో ముడి పడింది. షరతులతో వదులుకోవడం, కొంతకాలానికి మాత్రం వదులుకోవడం చెల్లవు. అంటే ‘ప్రస్తుతమునకు’ అన్న ఒక్క మాటతో ఆ కాగితం అటు వదులుకోవడమూ కాదు, ఇటు ఒప్పుకోవడమూ కాదు. ‘విజయనగరం మండలంలో ఖాళీ వచ్చినచో చేరగలను’ అని రాస్తే అది షరతు. ‘నన్ను ఇదే పాఠశాలలో కొనసాగించగలరు’ అని చివర్లో చేర్చడం దుకాణాల్లో అలవాటు. అదీ షరతే. ఇలాంటి కాగితాన్ని సెక్షన్లో గుమాస్తా వెనక్కి పంపితే అదృష్టం. పంపకుండా ఫైల్లో పెట్టేస్తే రేపు ఎవరు ఎలా చదువుతారో చెప్పలేం.

నిజంగా ఈ ఏడాదికి మాత్రమే వద్దనుకునేవారికి అసలు ఈ కాగితమే పనికిరాదు. వాళ్లది 11(బి) రూలు. పదోన్నతి ఉత్తర్వు అందిన నాటి నుంచి 15 రోజుల్లో కొత్త పోస్టులో చేరాలి, చేరకపోతే ఆ ప్యానెల్ సంవత్సరానికి అవకాశం పోయినట్టే. ప్యానెల్ అంటే పదోన్నతికి అర్హుల జాబితా. దాని సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 దాకా, క్యాలెండరు సంవత్సరం కాదు. టెంప్లేట్లలో ‘2025వ సంవత్సరమునకు’ అని కొట్టేవారికి ఈ తేడా పట్టదు. కొన్ని దుకాణాల్లో ఫోర్‌గో లెటరుతో పాటు మెడికల్ లీవు అర్జీ కూడా జతగా కొట్టిస్తారు, ‘పదిహేను రోజులూ అలా గడిచిపోతాయి బాబూ’ అని. రూలు రాసినవాళ్లు ఆ తెలివిని ముందే ఊహించారు. సెలవు పెట్టి చేరకుండా తప్పించుకున్నా చేరనట్టే లెక్క అని అందులోనే ఉంది. ఆ రెండో కాగితానికి డబ్బు దండగ.

కాబట్టి కీబోర్డు ముందు కూర్చునే ముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది: శాశ్వతంగా వద్దా, ఈసారికి వద్దా? దుకాణంలో ఈ ప్రశ్న అడిగేవాళ్లు అరుదు. అది వాళ్ల పని కాదనుకోండి, కానీ ‘ఫార్మాట్ మా దగ్గర కరెక్టుగా ఉంటుంది’ అని చెప్పి అమ్ముతున్నప్పుడు అడగాలి.

వద్దనేవారి లెక్కలోకీ కాస్త వెళ్లాలి, ఎందుకంటే టైపిస్టులు ఒక వాక్యం ఊరకనే చేరుస్తున్నారు: ‘పదోన్నతి వలన ఆర్థికముగా నష్టపోవుచున్నాను.’ ఇది కొందరి విషయంలో నిజం, కొందరి విషయంలో కాదు, అందరి కాగితంలోనూ ఉంటోంది.

2022 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం జిల్లా కేంద్రాల్లో ఇంటద్దె భత్యం 16 శాతం, 50 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లలో 10 శాతం. విజయనగరం పట్నంలో 60,260 బేసిక్ మీద పనిచేస్తూ, 12 ఏళ్ల స్కేలు (పదోన్నతి లేకుండా ఒకే పోస్టులో అన్నేళ్లు ఉన్నవారికి ఇచ్చే పై స్కేలు) ఇప్పటికే తీసుకున్న స్కూల్ అసిస్టెంటును ఊహించుకోండి. ఆయన ఇంటద్దె భత్యం 9,642. హెడ్మాస్టరుగా ఏ గుమ్మలక్ష్మీపురం వైపో, పాచిపెంట వైపో పల్లెకు వేశారు. 12 ఏళ్ల స్కేలు తీసుకున్నవారికి అదే స్కేలున్న పోస్టుకు పదోన్నతి వస్తే జీతం ఫండమెంటల్ రూల్స్ (ఎఫ్ఆర్) 22(ఎ)(ఐ) కింద, అంటే పై మెట్టుకు మాత్రమే జరుగుతుంది. బేసిక్ 61,960 అవుతుంది, పెరిగింది 1,700. ఇంటద్దె 6,196కు దిగుతుంది, తగ్గింది 3,446. డీఏ పక్కన పెడితే నెలకు 1,746 లోటు. ఆ 1,700 మీద వచ్చే డీఏ కలిపినా లోటు పూర్తిగా పూడదు. పైన బస్సు ఛార్జీలు, లేదా అక్కడో గది అద్దె.

అదే మనిషి 12 ఏళ్ల స్కేలు ఇంకా తీసుకోలేదనుకుందాం. అప్పుడు ఎఫ్ఆర్ 22(బి) వర్తిస్తుంది. కింది స్కేల్లో ఒక ఇంక్రిమెంటు ఊహించి కలిపి, పై స్కేల్లో తర్వాతి మెట్టుకు తీసుకెళ్తారు. 60,260 కాస్తా 61,960, అక్కడి నుంచి 63,660. ఇంటద్దె 6,366. మొత్తం మీద 124 రూపాయలు లాభమే, 3,400 మీద డీఏ అదనం. ఈయన కాగితంలో ‘ఆర్థికముగా నష్టపోవుచున్నాను’ అని ఉంటే జీతాల సెక్షన్లో చదివినవాళ్లు నవ్వుకుంటారు.

నెల జీతం లెక్క ఇంతవరకే. పాత పెన్షను ఉండి, పూర్తి సర్వీసు చేసినవారికి పెన్షను చివరి బేసిక్‌లో సగం. ఇంటద్దె భత్యం రిటైరయ్యే రోజుతో ఆగిపోతుంది, బేసిక్‌లో పెరిగిన 1,700 మాత్రం పెన్షన్లో 850గా, దాని మీద కరువు భృతితో సహా, మనిషి ఉన్నంతకాలం వస్తుంది. సంపాదిత సెలవుల నగదుకూ బేసిక్కే ఆధారం. 62 ఏళ్లకు రెండేళ్ల దూరంలో ఉన్నవాళ్లు ‘ఈ వయసులో ఎక్కడికి పోతాం’ అని ఎక్కువగా వద్దంటుంటారు. అసలు లెక్క చూసుకోవాల్సిందీ వాళ్లే. 2004 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ చేరి సీపీఎస్‌లో (చందా పెన్షను పథకంలో) ఉన్నవారికి ఈ సగం లెక్క వర్తించదు, వాళ్ల తూకం వేరు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ అప్రయత్న పదోన్నతి పథకంలో తగులుతుంది. 6, 12, 18, 24 ఏళ్ల స్కేళ్లు ఇచ్చేది పదోన్నతి దొరక్క ఒకే పోస్టులో ఉండిపోయినవారి కోసం. దొరికిన పదోన్నతిని కాదన్నవారు దొరకనివారి కిందికి రారు, కాబట్టి ఆపై రావాల్సిన స్కేళ్లకు అర్హత పోతుంది. 20 ఏళ్ల సర్వీసులో వద్దని రాసిచ్చి 24 ఏళ్ల స్కేలు కోసం ఎదురుచూసేవారు ప్రతి మండలంలోనూ ఒకరిద్దరు కనబడతారు. దుకాణం టెంప్లేటులో దీని ప్రస్తావన ఉండదు. కనీసం గోడకో కాగితం అంటించినా పుణ్యం వస్తుంది.

వద్దని రాసిచ్చేది దేనికోసం? ఉన్న బడి, ఉన్న ఇల్లు, పిల్లల చదువు, అలవాటైన పని. ఆ సుఖం తప్పేమీ కాదు. కానీ పదోన్నతి వదులుకుంటే బదిలీ ఆగదు. టీచర్ల బదిలీ చట్టం ప్రకారం ఒకే బడిలో 8 విద్యాసంవత్సరాలు నిండితే కదలాల్సిందే, హెడ్మాస్టర్లకైతే 5. బదిలీ వరుసను తేల్చే స్టేషన్ పాయింట్లు పట్నంలో కేటగిరీ 1 బడికి ఏడాదికి ఒక్కటి, కేటగిరీ 4 కొండ ఊళ్లకు అయిదు. పట్నంలోనే ఏళ్లు గడిపినవారి చేతిలో పాయింట్లు తక్కువే ఉంటాయి, తప్పనిసరి బదిలీ వచ్చినప్పుడు వరుసలో వెనకే నిలబడాలి. హేతుబద్ధీకరణలో, అంటే పిల్లల సంఖ్యను బట్టి టీచర్లను సర్దేటప్పుడు, పోస్టు మిగులు తేలినా అంతే. ఏడో ఏడాదిలో ఉన్న మనిషి సీటు కోసం పదోన్నతిని శాశ్వతంగా వదిలేసుకోవడమంటే, పది నెలల్లో ఖాళీ చేయాల్సిన అద్దె ఇంటికి కొత్తగా సున్నం వేయించడమే. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా విడిపోయినా టీచర్ల సీనియారిటీ పాత ఉమ్మడి జిల్లాల లెక్కనే నడుస్తోంది. ‘నాది ఇప్పుడు విజయనగరం జిల్లా, కురుపాం వేయరు’ అన్న ధీమా కూడా పనిచేయదు.

ఇక కాగితంలోని మిగతా లోపాలు.

ఎవరికి రాయాలన్నది మొదటిది. అన్నిటికీ ‘జిల్లా కలెక్టర్ వారి దివ్యసముఖమునకు’ అని కొట్టే దుకాణాలున్నాయి. రాయాల్సింది ఆ పోస్టుకు నియామకాధికారి ఎవరో వారికి. ఎస్జీటీ నుంచి స్కూల్ అసిస్టెంటుకైతే జిల్లా విద్యాధికారి (డీఈఓ). స్కూల్ అసిస్టెంటు నుంచి గ్రేడ్-2 హెడ్మాస్టరుకైతే విశాఖపట్నంలోని పాఠశాల విద్య ప్రాంతీయ సంయుక్త సంచాలకులు. కాగితం మాత్రం చేతికిచ్చి రావడం కాదు, పైఅధికారి ద్వారా వెళ్లాలి. ‘ద్వారా’ అన్న వరుస లేకపోతే ఇన్‌వార్డులోనే ఆపేస్తారు.

కేంద్ర ఉద్యోగుల విషయంలో తప్పు ఇంకా పెద్దది. విజయనగరం జంక్షన్, పలాస వైపు నుంచి వచ్చే రైల్వేవాళ్లకు, తపాలావాళ్లకు కూడా అదే 28వ రూలు పెట్టి కొట్టిస్తున్నారు. వాళ్లకు ఆ రూలుతో సంబంధమే లేదు. కేంద్రంలో పదోన్నతి కాదంటే ఏడాదిపాటు మళ్లీ ఇవ్వరు, అంటే అక్కడ శాశ్వతం అన్న మాట రాసుకోనక్కర్లేదు. పదోన్నతి రాకపోతే 10, 20, 30 ఏళ్లకు జీతం మెట్టు పెంచే ఎంఏసీపీ పథకం విషయంలో మాత్రం జాగ్రత్త. ఎంఏసీపీకి అర్హత రాకముందే పదోన్నతి కాదంటే ఆ ప్రయోజనం రాదు. వచ్చాక కాదంటే వచ్చింది పోదు, తర్వాతిది మాత్రం కాదన్న కాలం మేరకు వెనక్కి జరుగుతుంది. రాష్ట్ర టెంప్లేటు మీద కేంద్ర ఉద్యోగి సంతకం పెడితే లేని ఉరిని మెడకు తగిలించుకున్నట్టే.

కారణం దగ్గర ‘అనారోగ్యము వలన’ అన్నది డిఫాల్టుగా ఉంటుంది. ఆసుపత్రి కాగితాలు చూపించగలిగితేనే ఉంచండి. లేకపోతే ‘వ్యక్తిగత కారణాలు’ చాలు, రూలు కారణం రుజువు చేయమనలేదు. స్టాంపు పేపరు మీద కొట్టించి నోటరీ చేయిస్తే గట్టిగా ఉంటుందని చెప్పేవాళ్లు కొందరు. అక్కర్లేదు. రూలు అడిగింది రాతపూర్వకంగా అని మాత్రమే, తెల్లకాగితం సరిపోతుంది. ఇంగ్లీషులో ఉంటేనే చెల్లుతుందన్నదీ అపోహ. తెలుగు 1966 నుంచి రాష్ట్ర అధికార భాష.

శాశ్వతంగా వదులుకోవాలని నిజంగా నిర్ణయించుకున్నవారు దుకాణం ఫైలు మూసేయించి ఈ మాటలు కొట్టించుకుంటే సరిపోతుంది:

‘గ్రేడ్-2 ప్రధానోపాధ్యాయుడిగా పదోన్నతి పొందే నా హక్కును, ఆంధ్రప్రదేశ్ స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్, 1996లోని 28వ నిబంధన ప్రకారం, స్వచ్ఛందంగా, ఏ షరతూ లేకుండా వదులుకుంటున్నాను. ఇది అంతిమమనీ, వెనక్కి తీసుకోవడానికి వీల్లేదనీ నాకు తెలుసు. ఆమోదించి, ఉత్తర్వు ప్రతి ఇప్పించి, నా సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించవలసిందిగా కోరుతున్నాను.’

పైన పేరు, హోదా, బడి, మండలం, ఏడంకెల ట్రెజరీ ఐడీ, సీఎఫ్ఎంఎస్ నంబరు, సీనియారిటీ జాబితాలో వరుస సంఖ్య, పదోన్నతి ఉత్తర్వు వచ్చి ఉంటే దాని నంబరు, తేదీ. చివరి వాక్యంలోని ఉత్తర్వు ప్రతి సంగతి వదలొద్దు. ఉద్యోగి రాసిచ్చినంత మాత్రాన పని పూర్తికాదు, నియామకాధికారి ఆమోదించాలి. ఆమోదం కాగితం మీద లేకపోతే వచ్చే ప్యానెల్లో మళ్లీ పేరొస్తుంది, మళ్లీ ఇదే వీధికి రావాలి.

ప్రతులు మూడు తీయించండి. ఒకటి ఆఫీసుకు, ఒకటి మధ్యలో పంపే అధికారికి, మూడోదాని మీద ఇన్‌వార్డు నంబరు, తేదీ, ముద్ర వేయించి మనం ఉంచుకోవడానికి. దుకాణాలు అడగకపోతే ఒక్కటే తీసిస్తాయి, ఆఫీసు దాకా వెళ్లి వెనక్కొచ్చి జిరాక్సు తీయించుకునేవారు రోజూ కనిపిస్తారు.

ఫాంటు గురించి ఒక మాట. చాలా సెంటర్లు ఇప్పటికీ పేజ్‌మేకర్లో అను ఫాంట్లతోనే తెలుగు కొడతాయి. ప్రింటు అందంగా వస్తుంది, ఆ అక్షరాల ఒద్దిక యూనికోడ్ ఫాంట్లకు ఇంకా రాలేదనే చెప్పాలి. కానీ ఆ ఫైలును పెన్‌డ్రైవులో వేసుకుని వేరే కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి వస్తుంది. ఆఫీసు మెయిలుకు పంపాలంటే పీడీఎఫ్ చేసి ఇమ్మనండి. మాట మార్చే అవసరం ఉంటుందనుకుంటే మొదటే యూనికోడ్‌లో కొట్టమనండి, కొన్నిచోట్ల పది రూపాయలు ఎక్కువడుగుతారు, ఇవ్వొచ్చు.

ఎప్పుడు వెళ్లాలి? సాయంత్రం అయిదు తర్వాత జనం, ఆ వేళ టైపిస్టు పాత ఫైల్లో పేరు మాత్రమే మార్చి ఇచ్చేస్తాడు. పొద్దున్న పదిన్నరకు వెళ్తే కూర్చోబెట్టి ప్రతి వరుసా చదివి వినిపిస్తారు. పదిహేను రోజుల గడువు దసరా రోజుల్లో పడితే విజయనగరంవాళ్లు చివరి రోజు దాకా ఆగొద్దు. పైడితల్లి అమ్మవారి సిరిమాను నాడు ఊళ్లో మనిషి కదిలే చోటుండదు, టైపు కొట్టేవాడు కూడా జాతరలోనే ఉంటాడు.

డబ్బిచ్చేముందు కాగితం కింది భాగం చూడండి. పైన పేరు మార్చి, సంతకం కింద పాత మనిషి పేరూ ట్రెజరీ ఐడీ అలాగే వదిలేయడం ఈ సేవలో అన్నిటికంటే తరచుగా జరిగే తప్పు. అలాగే మీ పేరున్న ఫైలును మీ ఎదురుగానే తీసేయించి రండి, లేకపోతే రేపు వచ్చే మాస్టారి కాగితం కింద మీ పేరుంటుంది.